మీరాలంలో తెరచాప

పాతబస్తీ పిల్లలు సంక్రాంతికి డాబా మీద మాంజా వేలికి తగలగానే గాలి ఎటు తిరిగిందో పసిగట్టేస్తారు. తెరచాప పడవకు మొదటి విద్య అదే. దక్షిణ మహాసముద్రపు చలిలో వాయుగుండం దాటిపోతుంటే ఉత్తరపు గాలి ఉన్నట్టుండి నైరుతికి మళ్లుతుంది. ఒంటరి నావికుడు నిద్రలోంచి లేచి చాప సర్దుకోవాలి. 2018లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో అక్కడే తుపాను మన దేశపు నావికుడు అభిలాష్ టామీ పడవ స్తంభాన్ని విరిచి, అతని వెన్నును గాయపరిచింది. 2022లో మళ్లీ అదే పందేనికి బయల్దేరి రెండో స్థానం కొట్టాడు, మొండిఘటం! మన తెలుగువాళ్లకేం తక్కువ? నౌకాదళ తెరచాప పడవ ‘తారిణి’లో ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి లేదూ? హైదరాబాద్‌లో తెరచాపలంటే హుస్సేన్‌సాగరే. పాతబస్తీ పక్కనే 21 కమానుల కట్టున్న మీరాలం చెరువునేమో మురుగుకూ గుర్రపుడెక్కకూ వదిలేశాం. దానిమీద వంతెన కడతారట, కట్టనీండి. ముందు నీళ్లు బాగుచేసి, పిల్లలకు నాలుగు చిన్న పడవలివ్వండి.