కోడుమూరు ఇంగ్లీషును ఇంట్లో వదిలి వెళ్లొద్దు

కర్నూలు వైపు కోడుమూరులోనో ఎమ్మిగనూరులోనో బి.ఎడ్. చదివిన అమ్మాయికి మాల్దీవుల్లోనో గల్ఫులోనో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చిందంటే చాలు, రెండు రకాల సలహాలు మొదలవుతాయి. ఒకటి వంటింట్లో పుడుతుంది. కారంపొడి, ఊరగాయ, చెనిక్కాయల పొడి, కుక్కరు, వీలైతే పది కిలోల బియ్యం. రెండోది కోచింగ్ సెంటర్లు, ముందే వెళ్లొచ్చిన బంధువులు ఇచ్చేది. ఈ కర్నూలు యాస అక్కడ పనికిరాదు, మన సర్కారు బడి పద్ధతులు చూస్తే నవ్వుతారు, అవన్నీ ఇక్కడే వదిలేసి పో అంటారు. ఈ రెండూ తప్పే. కాకపోతే మొదటిదానివల్ల పెట్టె బరువు మాత్రమే పెరుగుతుంది. రెండోది టీచరు చేతిలో ఉన్న పనితనాన్నే లాగేసుకుంటుంది. అందుకే నా కోపం ఎక్కువగా దాని మీదే.

తిండి మూట కట్టే అలవాటు మనకు ఊరికే రాలేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి గుంటూరు మిరప కోతలకు ఏటా సుగ్గికి, అంటే పంట కాలపు కూలి వలసకు, పోయే కుటుంబాలను చూస్తూ పెరిగినవాళ్లం. జొన్నలు, బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, పిల్లలు, అందరూ అన్నీ ఒకే బండిలో పోవాలి. చేను పక్కన డేరా వేసుకుని నెలల తరబడి ఉండాలి. అక్కడ ప్రతిదీ కొనుక్కుని తింటే తెచ్చుకున్న కూలి తిండికే సరిపోతుంది. సుగ్గికి ఆ లెక్క నూటికి నూరు పాళ్లు సరైనది. మాల్దీవుల రాజధాని మాలేకు అదే లెక్క ఎట్లా సరిపోతుంది? మాల్దీవులు తినేదే దిగుమతి తిండి. 1981లో కుదిరిన వాణిజ్య ఒప్పందం కింద బియ్యం, గోధుమపిండి, చక్కెర, పప్పు, ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, గుడ్లు మన దేశం నుంచే ఏటా కోటా ప్రకారం వెళ్తున్నాయి. మన దేశపు పప్పు తినే ఊరికి మనం పప్పు మోసుకుపోవడం ఎందుకు?

మోత ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. అమ్మ ప్రేమగా పెట్టిన మసాలాపొడిలో గసగసాలు ఉంటాయి. యూఏఈలో గసగసాలు నిషేధం, అక్కడ వాటిని మత్తు పదార్థాల కిందే లెక్కేస్తారు. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా అంతే, ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోకూడదు. మంత్రాలయం దగ్గరున్నవాళ్లం కాబట్టి పెట్టె మూల రాఘవేంద్రస్వామి చిన్న విగ్రహం పెట్టకుండా ఏ తల్లీ ఊరుకోదు. మాల్దీవుల కస్టమ్స్ పూజా విగ్రహాలను అనుమతించదు. ఆ తల్లికి ఈ మాట ఎవరో ఒకరు ముందే మెల్లగా చెప్పాలి. విమానాశ్రయంలో తెలిస్తే కూతురికి అదొక గాయంగా మిగిలిపోతుంది. చెనిక్కాయల పొడి ఒక డబ్బా పెట్టండి, మొదటి వారం నోటికి ఆసరాగా ఉంటుంది. ఆ తర్వాత ఆ ఊరి చేపల పులుసు రుచి చూడనివ్వండి.

పెట్టెలో నిజంగా చోటు ఇవ్వాల్సింది కాగితాలకు. వాటి గురించి మన ఇళ్లలో మాట్లాడేవాళ్లు తక్కువ. మన అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. డిగ్రీలో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి, పేరుకు వేరే గడి. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఎక్కుతుంది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు తయారవుతారు. పక్క దేశపు విద్యాశాఖ గుమస్తాకు వీళ్లంతా ఒక్కరేనని ఎట్లా తెలుస్తుంది? ఈ తేడాలు సరిచేసుకోవడానికి నెలలు పడతాయి. టికెట్ చేతికొచ్చాక మొదలుపెట్టే పని కాదిది. ఆ తర్వాత ధ్రువీకరణ. మన దేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, కాబట్టి దక్షిణ కొరియాలాంటి సభ్య దేశానికైతే రాష్ట్ర ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రతో సరిపోతుంది, ఎంబసీ గడప ఎక్కనక్కర్లేదు. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. అక్కడికైతే రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ అని మూడు గడపలు వరుసగా ఎక్కాలి.

అనుభవ ధ్రువపత్రం సంగతి ఇంకా ఘోరం. చిన్న ప్రైవేటు బడుల్లో జీతం నగదుగా కవర్లో పెట్టి ఇస్తారు. బ్యాంకు ఖాతాలో ఒక్క రూపాయి కనిపించదు. ఎన్నేళ్లు పిల్లల ముందు నిలబడి గొంతు అరగదీసుకున్నా ఆ ఏళ్లకు సాక్ష్యం ఉండదు. ఆ బడిలో ఉన్నప్పుడే జీతం బ్యాంకులో వేయమని గట్టిగా అడగండి. ఇక ఏజెంటు. 1983 వలస చట్టం కింద రిజిస్టర్ అయిన ఏజెంటు మాత్రమే విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపాలి. అతను తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకంటే ఎక్కువ అడిగితే చట్టం తప్పుతున్నాడని అర్థం. ఈ ఒక్క సంగతి ఆదోని పత్తి మార్కెట్లో అమ్మిన పంట డబ్బు మొత్తాన్ని కాపాడగలదు.

ఇప్పుడు యాస దగ్గరికి వద్దాం. కోచింగ్ సెంటర్లో నేర్పేది లండన్ పలుకునో అమెరికా పలుకునో అనుకరించడం. అది ఉంటే తలుపులు తెరుచుకుంటాయని వాళ్లు నమ్మబలుకుతారు. ఏ తలుపులు? దక్షిణ కొరియాలో ఇంగ్లీషు సంభాషణ బోధకుల వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా. ఆ గీత గీసింది పాస్‌పోర్టు, పలుకు కాదు. మూతి ఎంత తిప్పినా పాస్‌పోర్టు మారదు. అదే కొరియాతో మన దేశం చేసుకున్న ఆర్థిక ఒప్పందం 2010 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో అర్హతలున్న భారతీయ ఇంగ్లీషు టీచర్లకు చోటు కల్పించారు. ఆ తలుపు తీసిందీ కాగితమే. బోధనలో పట్టా, బోధించడానికి లైసెన్సు. యాస మీద పోసిన డబ్బు అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

పలుకు మెరుగుపరుచుకోవద్దని నేను అనడం లేదు. దేన్ని మెరుగుపరుచుకోవాలో తెలుసుకోమంటున్నాను. వేర్వేరు మాతృభాషల వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఎక్కడ అర్థం తెగిపోతుందో భాషా పరిశోధకురాలు జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి 2000లో పుస్తకం రాశారు. నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే ఆ ‘థ’ కార శబ్దాలు రాకపోతే కొంప మునగదని ఆమె తేల్చారు. హ్రస్వం, దీర్ఘం కలిపేస్తే అర్థం పోతుంది. వాక్యంలో ఏ మాట మీద ఒత్తు పడాలో అక్కడ పడకపోతే పోతుంది. హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగు పిల్ల పాలతోపాటు నేర్చుకుంటుంది, మనకది కలిసొచ్చిన సంగతి. మనం దిద్దుకోవాల్సినవి వేరు. ‘ఎగ్’ను ‘యెగ్గు’ అనడం, ‘స్కూల్’ ముందు ‘ఇ’ చేర్చి ‘ఇస్కూల్’ అనడం, వాక్యమంతా ఒకే ఎత్తులో చదువుకుంటూ పోవడం. ఇవి ఫీజు కట్టకుండానే ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకుని, విని, సరిచేసుకోవచ్చు. మిగతా కర్నూలు పలుకును ఉండనివ్వండి. మాల్దీవుల్లో ధివేహి మాట్లాడే పిల్లాడికీ గల్ఫులో అరబ్బీ మాట్లాడే పిల్లకూ కావాల్సింది స్పష్టంగా చెప్పే టీచరు.

ఇక అసలు మాట. మన బడి పద్ధతులు చూస్తే నవ్వుతారనేవాళ్లు బోధన చరిత్ర తెలియక అంటున్నారు. ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. ప్రాంతీయ భాషలో చదివే పిల్లలు, కిక్కిరిసిన తరగతులు, ఒక నల్లబల్ల. వ్యాకరణం వల్లె వేయించడం మానేసి పటాలు, రైలు టైంటేబుళ్లు ముందు పెట్టి లెక్కలు తేల్చమన్నారు. తేల్చే క్రమంలో ఇంగ్లీషు వచ్చింది. 1987లో ఆయన రాసిన పుస్తకం అచ్చయ్యాక ఆ పద్ధతి గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. టాస్కుల ద్వారా భాష నేర్పడం గురించి ఇప్పుడు ఏ దేశపు శిక్షణలో చెప్పినా ఆయన పేరు వస్తుంది. హైదరాబాదులో 1958లో పెట్టిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, కూడా మన బోధనకు అటువంటి సాక్ష్యమే. భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద ఆఫ్రికా, ఆసియా దేశాలవాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వస్తుంటారు. మన దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే దేశాలకు పోతూ మనం నేర్చుకున్నదాన్ని దాచుకోవాలా?

ఆదోని తరగతి గదిని ఒకసారి తలుచుకోండి. ఒక బెంచీలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, పక్కన హొళగుంద వైపు నుంచి వచ్చిన కన్నడ పిల్లాడు, చివర తెలుగు పిల్ల. ఏ పిల్లకు ఎక్కడ ఇంగ్లీషు అడ్డం తిరుగుతుందో టీచరుకు తెలియాలి. మార్చిలో మిరప కోతల నుంచి తిరిగొచ్చిన పిల్లాడు నోటుబుక్కు తెరుస్తాడు. నవంబరు పాఠం దగ్గర రాత ఆగిపోయి ఉంటుంది. మిగతా పిల్లలు పరీక్షలకు చదువుతుంటారు. వాడిని సిగ్గుపడనివ్వకుండా, మిగతావాళ్లను ఆపకుండా ఆ ఖాళీ పేజీలను కలపడం మన టీచర్లు ఏటా చేసే పని. కోడుమూరు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సుల వేళలు రాయించుకుని, ఏ బస్సు ఎక్కితే ఆదోనిలో రైలు అందుతుందో ఇంగ్లీషులో తేల్చండిరా అని అడిగే టీచరు ప్రభు పేరు విని ఉండకపోవచ్చు, కానీ చేస్తున్నది ఆయన చెప్పిన పనే. చిన్న చిన్న దీవుల్లో, ఒకే గదిలో రకరకాల స్థాయిల పిల్లలున్న చోట ఈ నేర్పుకు చాలా విలువ ఉంటుంది.

కాబట్టి నేను సర్దుకోమనేది ఇవి. మీరు రాసుకున్న పాఠ్య ప్రణాళికల నోటుబుక్కులు, కొట్టివేతలతో సహా. పిల్లల తప్పులు మీరు దిద్దిన కొన్ని పేజీలు, పేర్లు కనిపించకుండా తీసిన ఫోటోలుగా. బస్టాండు పాఠంలాంటివి నాలుగైదు, బొమ్మలతో. ఇంటర్వ్యూలో మీ తరగతి గురించి అడిగితే, ఎంతమంది పిల్లలు, ఏ భాషలవాళ్లు, సుగ్గి నుంచి వచ్చినవాళ్లకు ఏం చేశారు అన్నది తడబడకుండా చెప్పండి. బి.ఎడ్. కాలేజీలవాళ్లకూ ఒక మాట. మీ విద్యార్థుల టీచింగ్ ప్రాక్టీసు రికార్డులు అట్టలు వేసి మార్కుల కోసం రాయించి గుట్టలుగా పడేస్తున్నారు. వాటిని నిజంగా చెప్పిన పాఠాల నుంచి రాయించి ఆ పిల్లలకే తిరిగి ఇవ్వండి. ఇక అనుభవ ధ్రువపత్రం ఇచ్చే హెడ్‌మాస్టర్లు ‘సంతృప్తికరంగా పనిచేశారు’ అని ఒక్క వాక్యంతో వదిలేయకుండా, ఏ తరగతికి, ఎంతమందికి, ఏ మాతృభాషల పిల్లలకు, ఎన్నేళ్లు ఇంగ్లీషు చెప్పారో వివరంగా రాసి సంతకం పెట్టండి.