కుర్చీకి రెండుసార్లు మూల్యం

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాల కింద నడిచే మనిషికి రెండు రకాల బోర్డులు విరివిగా కనిపిస్తాయి: ఒకటి కోచింగ్ సెంటరుది, రెండవది హాస్టలుది. ఈ రెంటి నడుమ మూడో వ్యాపారమొకటి పుట్టింది. దాని పేరు స్టడీ హాలు. అక్కడ అమ్మేది పుస్తకం కాదు, పాఠం కాదు. ఒక కుర్చీ, ఒక దీపం, కాస్త నిశ్శబ్దం. ఉద్యోగ ప్రకటన కోసం ఏళ్ల తరబడి కాచుకొన్న నిరుద్యోగి చదువుకొనే చోటుకు సైతం నెలనెలా అద్దె కట్టవలసి వస్తున్నది.

"అవసరమున్నచోట వ్యాపారం పుడుతుంది, ఇందులో వింతేమున్నది?" అంటారు పెద్దలు. వింత వున్నది. ఈ కుర్చీకి ప్రజలు ఇదివరకే డబ్బు చెల్లించారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. ఇంటి యజమాని దాన్ని తన జేబులోనుంచి ఇస్తాడనుకొనడం అమాయకత్వం. అది అద్దెలో కలుస్తుంది. చివరకు ఇరుకు గదిలో నలుగురితో సర్దుకొనే కుర్రవాడి నెత్తిన పడుతుంది. అంటే అతడు ఒకే కుర్చీకి రెండుసార్లు మూల్యం చెల్లిస్తున్నాడు!

పన్ను వసూలు చేసేది పురపాలకులు, ఖర్చు పెట్టవలసింది గ్రంథాలయ సంస్థ. వసూలైన సొమ్ము అక్కడ జమ కాకుండా బకాయి పడడం మన రాష్ట్రంలో పాత జబ్బు. నిధులు లేవనేవారు ముందు ఈ లెక్క చెప్పాలి.

పాలకుల సంగతి అలా వుంచి, మన సాహితీమిత్రుల వాదన చూద్దాం. "చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వచ్చేవాళ్లు పరీక్షార్థులే గాని పాఠకులు కారు; పోటీపరీక్షల పుస్తకాలు తెచ్చుకొని కూర్చుంటారు" అని వారి ఫిర్యాదు. ఈ మాటలో నిజం కొంత, అహంకారం ఎంతో. 1935లో కృష్ణా కాలువ మీద పుస్తకాలను పడవలో నడిపించిన పాతూరి నాగభూషణం, ప్రయాణికులు నిజమైన పాఠకులా కాదా అని విచారణ జరపలేదు. జనం వున్నచోటికి పుస్తకాన్ని తీసుకుపోయారు. నేడు జనమే గ్రంథాలయానికి వస్తుంటే మనం ముక్కు విరుస్తున్నాం.

ఈ చిక్కును ఇతరులు ఎలా విప్పారో చూడవద్దా? మద్రాసు కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకొనేవారికి ప్రత్యేక విభాగమే వున్నది. పిల్లలకు ఒకటి, చూపులేనివారికి బ్రెయిల్ విభాగమొకటి. ఏర్పాటు చిన్నదే, ఫలితం పెద్దది: పరీక్షార్థి మరొక పాఠకుడి చోటు ఆక్రమించడు, అలసినప్పుడు నాలుగడుగులు వేస్తే కథలు, చరిత్ర, శాస్త్రం అందుబాటులో వుంటాయి. పరీక్షార్థి పాఠకుడిగా మారే దారి అదే. 2011లో కొత్త ప్రభుత్వం ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రిగా మార్చబూనితే అభిమానులు కోర్టుకెక్కారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని నిలిపివేసింది. నిత్యం జనానికి పనికివచ్చే సంస్థకు కాపలాదారులు కరువుకారు.

పాఠకుడి కాలాన్ని ఆదా చేయమని రంగనాథన్ 1931లోనే సూత్రీకరించారు. మన గ్రంథాలయ వేళలు ఎవరి కాలాన్ని ఆదా చేస్తున్నాయి? కేరళలో 1989 చట్టం గ్రంథాలయ మండళ్లను ఎన్నికల మీద నిలబెట్టింది. మన జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులనో, ప్రభుత్వం నియమిస్తుంది. పదవి ఇచ్చినవారికి జవాబుదారీ అయినవాడు పాఠకుడికి జవాబుదారీ ఎలా అవుతాడు?

ఎల్.బి.నగర్ పురపాలక సంఘం 2007లో మహానగర సంస్థలో కలిసిపోయింది. ప్రాంతం నగరమైంది, పన్నులు నగరపు పన్నులైనాయి. గ్రంథాలయం కూడా నగరానికి తగ్గట్టు వుండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కోచింగుకు ముందూ తరువాతా, సెలవు రోజుల్లోనూ తలుపులు తెరచి వుండాలి. సొంత పుస్తకాలవారికి వేరే హాలు కావాలి. అలమారలకు తాళాలు తీయాలి. వసూలైన పన్నెంత, జమ అయినదెంత అన్నది ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. నిర్వాహకవర్గంలో పాఠకులు ఎన్నుకొన్న ప్రతినిధులుండాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, విద్యార్థులారా! గ్రంథాలయోద్యమాన్ని జయంతులనాడు పూలదండలతో స్మరించడం సులభం. ఇంటిపన్ను రసీదు చేతబట్టుకొని లెక్క అడగడం కష్టం. కాని ఉద్యమమంటే రెండవదే.