బ్యాక్‌గ్రౌండ్ అంటే మిగిలిపోయిన పని కాదు

గ్రూప్ యానిమేషన్ ప్రాజెక్టులో పనులు ఎలా పంచుకుంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. కథ ఒకరికి, హీరో బొమ్మ ఇంకొకరికి, సాఫ్ట్‌వేర్ పని మరొకరికి. ఏ పనీ దక్కని వ్యక్తితో చివర్లో ‘నువ్వు బ్యాక్‌గ్రౌండ్లు చూసుకోరా’ అంటారు. ఆ మిత్రుడు సబ్మిషన్‌కు వారం ముందు నెట్‌లో దొరికిన ఏదో వీధిని, ఏదో అడవిని తెచ్చి అతికిస్తాడు. సినిమా పూర్తవుతుంది, మార్కులూ పడతాయి. ఇంటర్వ్యూలో మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర బండి ఆగిపోతుంది. ‘ఇందులో మీరు చేసిందేమిటి?’

ఉద్యోగం తెచ్చేది ఆ ప్రశ్నకు మీరిచ్చే జవాబే. ఆ జవాబు బలంగా ఉండాలంటే పాత్రలనూ, నేపథ్యాన్నీ మీ చేత్తో, మీ ఊరి నుంచే గీయాలన్నది నా అభిప్రాయం.

ఊరే మీ స్టూడియో

నర్సాపూర్‌నే తీసుకోండి. హైదరాబాద్ నుంచి మెదక్ వెళ్లే రోడ్డులో ఊరికి ముందే అడవి మొదలవుతుంది. రోడ్డు పక్కన కోతుల గుంపులు కూర్చుంటాయి. శివరాత్రి దాటాక ఆకు రాల్చిన కొమ్మల మీద మోదుగ పూలు ఎర్రగా విచ్చుకుంటాయి. ఊళ్లో రాయరావు చెరువు, బస్టాండ్, చాయ్ హోటళ్లు ఉన్నాయి. 1997లో మొదలైన బీవీ రాజు ఇంజినీరింగ్ కాలేజీ వల్ల రోజూ వచ్చిపోయే విద్యార్థులూ ఉన్నారు. ఒక చిన్న సినిమాకు ఇంతకంటే ఏం కావాలి?

‘మన ఊరి బస్టాండ్ ఎవరు చూస్తారు?’ అనుకోవద్దు. 1988లో వచ్చిన జపాన్ సినిమా ‘మై నైబర్ టొటోరో’ టోక్యో దగ్గరి సయామా కొండల పరిసరాలను ఆధారం చేసుకుంది. దాని నేపథ్య చిత్రాలకు కజువో ఓగా కళా దర్శకుడు. ఆ చెట్లనూ, పొలం గట్లనూ ప్రపంచం ఇప్పటికీ చూస్తూనే ఉంది.

ఒక ఆదివారం చెరువు గట్టుకు వెళ్లండి. ఒకే చోటును పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు గీయండి. నీడ ఎటు పడింది, నీళ్ల రంగు ఎలా మారింది, దూరంగా ఉన్న చెట్లు ఎంత పలుచబడ్డాయి అనేవి రాసుకోండి. తర్వాత బొమ్మను ముందు, మధ్య, వెనుక అని మూడు లేయర్లుగా విడగొట్టండి. కెమెరా పక్కకు జరిగినప్పుడు లోతు కనిపించేది ఈ విభజన వల్లే.

నీడను చూసి గుర్తుపట్టాలి

పాత్రల విషయానికి వద్దాం. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి టీవీలో వస్తోంది. అందులోని పిల్లలందరినీ నల్లటి నీడలుగా మార్చి చూడండి. భారీ కాయంతో కాలియా, చిన్న పిల్లాడు రాజు, తోకతో జగ్గు... ఎవరు ఎవరో ఇట్టే తెలిసిపోతారు. మీ పాత్రలకూ ఇదే పరీక్ష పెట్టండి. ముగ్గురూ ఒకేలా కనిపిస్తే రంగులు వేయకముందే మళ్లీ గీయండి.

ఒక్క అందమైన బొమ్మతో పని తీరదు. ముందు నుంచి, ఏటవాలుగా, పక్క నుంచి, వెనుక నుంచి ఒక షీట్ కావాలి. నవ్వు, కోపం, భయం, విసుగు చూపే ముఖాలతో ఇంకొకటి ఉండాలి. అన్ని పాత్రలనూ వరుసగా నిలబెట్టి ఎత్తులు చూపే షీట్ కూడా తప్పనిసరి. ఇవి లేకపోతే ఐదుగురు గీసిన సినిమాలో ఒకే పిల్లకు ఐదు ముఖాలు వస్తాయి.

పాత్రకూ నేపథ్యానికీ ఉన్న బంధం తెలియాలంటే దూరం పోనక్కర్లేదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ పటాలు చూడండి. ఎర్రటి నేల మీద బొమ్మలు ముందుకు దూసుకొచ్చినట్టు ఉంటాయి. పటం చూపిస్తూ కథ చెబుతుంటే దూరంగా కూర్చున్నవారికీ పాత్ర కనబడాలి కదా! మీరూ ప్రతి ఫ్రేమ్‌ను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చండి. పాత్ర గోడలో కలిసిపోతే మార్చాల్సింది గోడనే.

‘ఏఐ నిమిషంలో గీస్తుందిగా?’

గీస్తుంది. కానీ అదే పిల్లను నలభై షాట్లలో అదే ముక్కు, అదే జడతో నిలబెట్టడం, ‘ఈ కిటికీ ఇక్కడే ఎందుకు పెట్టారు?’ అంటే కారణం చెప్పడం మీ పనే. ఇంకో మాట కూడా వినిపిస్తుంది. స్టూడియోలకు మన ఊరి బొమ్మలు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ వస్తే చాలు అంటారు. ఇందులో సగం నిజముంది. ఉద్యోగంలో చేరాక వేరేవాళ్ల శైలిలోనే గీయాలి. అయితే చూసి గీసే అలవాటు ఏ శైలికైనా పనికొస్తుంది. పైగా మీరు పోటీ పడేది మాసబ్ ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్లు బీఎఫ్‌ఏ యానిమేషన్ చదివి వచ్చినవారితో అని మరవద్దు.

ఖర్చుకు భయపడొద్దు. క్రిటా, బ్లెండర్, ఓపెన్‌టూంజ్ మూడూ ఉచితమే. 2025లో ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌తోనే తయారైంది. అందులో ఒక్క మాటా ఉండదు. పిల్లి నడకా, నీట మునిగిన లోకమే కథ చెబుతాయి.

మీ వాటా మీరే రాసుకోండి

ఈ రంగంలో ఉద్యోగానికి పూర్తి భరోసా ఉందని నేను చెప్పను. 2013లో ‘లైఫ్ ఆఫ్ పై’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చేనాటికే, ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. కంపెనీ పేరు ఎప్పుడైనా చెరిగిపోవచ్చు. మీ స్కెచ్‌బుక్ మీతోనే ఉంటుంది.

అందుకే ప్రాజెక్టు మొదటి రోజే ఎవరు ఏ పాత్ర, ఏ బ్యాక్‌గ్రౌండ్ గీస్తారో కాగితం మీద పెట్టండి. ఫైల్ పేరులో షాట్ నంబరు, గీసినవారి పేరు, తేదీ ఉండాలి. కొట్టేసిన స్కెచ్‌లు కూడా దాచండి, మీరు ఎలా ఆలోచించారో చెప్పేవి అవే. పోర్ట్‌ఫోలియోలో ‘మా టీమ్ చేసింది’ అని వదిలేయకుండా ‘మూడు బ్యాక్‌గ్రౌండ్లు, ఒక పాత్ర నావి’ అని రాయండి. స్నేహితుడి బొమ్మ కింద అతని పేరే వేయండి. తక్కువైనా మీదైన పని గురించి ఎన్ని ప్రశ్నలు అడిగినా తడబడకుండా చెప్పగలరు.