మూడవ అంతస్తుకు నక్షా ఎవరిస్తారు?

మగ్రిబ్ నమాజు తరువాత మస్జిద్ వరండాలో కూర్చుంటే మా ముందుకు వచ్చే కాగితాలలో పింఛను దరఖాస్తుల తరువాతి స్థానం ఇంటి కాగితాలదే. జీవితమంతా గుమాస్తాగిరీ చేసి పదవీ విరమణ పొందిన మాకు ఈ పని కొత్త కాదు. ఇంటి కాగితం తెచ్చినవాని ముఖంలోని భయం మాత్రం మాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. అరవై గజాల జాగా, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురికీ పెండ్లిళ్ళయ్యాయి. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. మూడవవాని కోసం స్లాబు మీద ఇటుక పేర్చిన నాటినుండి నోటీసు ఎప్పుడు వస్తుందోనన్న దిగులే ఆ ఇంటిల్లిపాదికీ.

చిన్న స్థలాలలో రెండు మూడు కుటుంబాలుండే ఇండ్లకు ప్రభుత్వమే ముందుగా నక్షాలు గీయించి, ఆమోదించి, ప్రజలకివ్వాలన్న ఆలోచన ఇప్పుడు లోకంలో బలపడుతున్నది. కెనడా ప్రభుత్వం 2025లో నాలుగు లేక ఆరు కుటుంబాలు ఉండదగిన ఇండ్లతో సహా సుమారు 50 నమూనాలను ప్రకటించింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సైనికుల ఇండ్ల కోసం ఇటువంటి నమూనాలను పంచిన అనుభవం ఆ దేశానికి ముందే ఉన్నది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం అదే సంవత్సరం జూలైలో తన నమూనాల పుస్తకాన్ని విడుదల చేసి, మొదటి ఆరు నెలలు ఒక్క డాలరుకే నక్షా ఇస్తామన్నది. వాటిని అనుసరించేవారికి పది రోజులలో అనుమతినిచ్చే మార్గమూ ఏర్పరచింది.

ఈ మాట మన అధికారుల ముందు ఎత్తితే ఒకే సమాధానం వస్తుంది: "మన దగ్గర అంతకంటే సులభమైన చట్టమే ఉన్నది కదా!" ఉన్నది, కాదనము. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటని సొంత ఇంటికి అనుమతే అక్కరలేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. ఇది మేలైన చట్టమే. అయితే ఎవరికి మేలు?

ఏడు మీటర్లంటే కింద ఒకటి, పైన ఒకటి. మూడవ అన్నదమ్ముడు ఆ రూపాయి లెక్కలోకి రాడు. వానికి పోర్షను వేయాలంటే నక్షా కావాలి, గీసే నిపుణుడు కావాలి, వానికి ఫీజు కావాలి, అన్నింటికంటే ముందు రిజిస్టరు దస్తావేజు కావాలి. ఆ స్థోమత లేనివాడు మేస్త్రీ నోటిమాట మీద స్లాబు వేస్తాడు. ఆ క్షణం నుండి అతడు చట్టం దృష్టిలో ఉల్లంఘనుడు. స్వీయ ధ్రువీకరణలో తప్పు తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉన్నది. సులభంగా ఇచ్చే చేతికి సులభంగా కూల్చే శక్తి కూడా ఇచ్చినప్పుడు, నష్టపోయేది తెలియక తప్పు చేసిన పేదవాడే.

2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో సుమారు 28 శాతం పట్టణవాసులైతే, ముస్లింలలో అది సుమారు 36 శాతం. పట్టణపు ఇరుకు ఇల్లు మన సముదాయానికి పక్క సమస్య కాదని ఈ అంకెలు చెప్పడం లేదా?

కనుక ముందస్తు ఆమోదం పొందిన నక్షాలను మేము కోరుతున్నాము. కండ్లు మూసుకొని మాత్రం కోరడం లేదు. అందరి ఇండ్లూ ఒకే అచ్చులో పోస్తారని కొందరు మిత్రులు అంటున్నారు. ఇప్పుడు మేస్త్రీలు కడుతున్నవేమైనా వేరు వేరు అచ్చులా? గాలి రాని నడిమి గది, నిలువు నిచ్చెన వంటి మెట్లు, వంటింటి పొగ పడకగదిలోకి, ఇదే బస్తీ అంతటా ఉన్న నమూనా. నిజమైన అభ్యంతరాలు వేరే ఉన్నవి. బస్తీ జాగాలు కాగితం మీది చతురస్రాలు కావు. ముందు పన్నెండు అడుగులు, వెనుక తొమ్మిది అడుగులు ఉంటాయి. పాత నాలా పక్కన నేల ఒక తీరు, రాతిగుట్ట మీద నేల ఇంకొక తీరు. నక్షా ఉచితంగా ఇచ్చి పునాదిని చూసే ఇంజనీరును ఇవ్వకపోతే ఆ ఉచితం ప్రాణాంతకం. ఇక అన్నింటికంటే పెద్ద ముడి కాగితానిది. నోటరీ పత్రాల క్రమబద్ధీకరణకు 2023లో ఉత్తర్వు వచ్చినా, మా ముందుకు వచ్చేవారిలో చాలామంది చేతిలో ఇప్పటికీ ఆ నోటరీ కాగితమే. దానిని పక్కకు నెట్టే కార్యాలయానికి ఎంత అందమైన నక్షా తీసుకువెళ్ళినా ప్రయోజనమేమి?

2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో మంటలు 17 మందిని బలిగొన్నాయి. వారిలో ఎనిమిది మంది పిల్లలు. ఇరుకైన ప్రవేశమార్గం, ఇరుకైన మెట్లు రక్షణకు అడ్డుపడ్డాయి. అది పాత భవనం. ఆ కుటుంబం మన సముదాయానిది కాదు. అయితే నేమి? అటువంటి మెట్లనే మన బస్తీలలో ఈ రోజు కొత్తగా కడుతున్నారు. ఆ పిల్లలను తలచుకొని కూడా మనము మెట్ల వెడల్పు గురించి మాట్లాడకపోతే మన హక్కుల పోరాటానికి అర్థమేమున్నది?

ప్రభుత్వాన్ని మేము స్పష్టంగా అడుగుతున్నాము. యాభై, అరవై, డెబ్బయి అయిదు, నూరు గజాల స్థలాలకు, ఇరుకు ముఖం ఉన్నవాటికి, వంకర జాగాలకు సైతం మూడు పోర్షన్ల నక్షాలు ఉచితంగా ఇవ్వండి. ప్రతి నక్షాలో మనుషులు ఎదురెదురుగా నడవగల మెట్లు, గాలి వెలుతురుల కోసం చిన్న సెహన్ ఉండాలి. గీయడానికి ముందు ఆ ఇండ్లలో వండే, ఉతికే స్త్రీలను అడగండి. తెలుగు, ఉర్దూ భాషలలో ముద్రించి వార్డు కార్యాలయంలో ఉంచండి. పునాది సమయంలో ఒకసారి, స్లాబుకు ముందు ఒకసారి ఇంజనీరును పంపండి. నోటరీ పత్రాల చిక్కును తేల్చండి. నక్షా ప్రకారం కట్టినవాని ఇంటి జోలికి నోటీసు లేకుండా ఎవరూ రారాదు.

మన సముదాయ పెద్దలకూ ఒక మాట. పెండ్లి భోజనాలకు షాదీఖానాలో లక్షలు ఖర్చు చేసే మనము, ఇల్లు కట్టే ముందు ఇంజనీరుకిచ్చే ఫీజు దగ్గర బేరమాడుతున్నాము. ప్రతి మస్జిద్ కమిటీ నెలకొక సాయంత్రం ఇంటి కాగితాలు సరిచూచే పని పెట్టుకోవాలి. మా వరండాలో ఆ పని జరుగుతూనే ఉన్నది; దస్తావేజు లేకున్నా రండి, చేతిలో ఉన్న కాగితం ఏదైతే అదే తీసుకొని రండి. స్లాబు పడిన తరువాత మాత్రం కాదు, ఇటుక పేర్చకముందే రండి.