రెండో ఓటు ఏమైంది?

మోండా మార్కెట్టుకు వెళ్ళి కూరల సంచీతో తిన్నగా ఇల్లు చేరిన రోజు నాకు గుర్తు లేదు. ఏదో ఒక చర్చ దారిలో తగిలి తీరుతుంది. మొన్న ఆదివారం నేను వంకాయలు ఏరుకుంటూండగా, వెంట వచ్చిన మా మనమరాలు ఉన్నట్టుండి, "అమ్మమ్మా! నాకు పద్ధెనిమిదేళ్ళు నిండాయి కదా, మేయరుకు ఓటు ఎలా వెయ్యాలి?" అని అడిగింది.

నేను నోరు విప్పేలోపునే కూరలమ్మే ఆవిడ తక్కెడ కింద పెట్టి, "మేయరుకా? మనమెక్కడ ఏస్తున్నం బిడ్డా! ఒక్కపారి ఏసినం, గంతే" అన్నది.

ఆవిడ మాట అక్షరాలా నిజం. 1951లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదుకు తొలి మేయరు అయిన నాటినుంచీ మేయరును ఎన్నుకునే పని నగర సభ్యులదే. 1960లో సికిందరాబాదు కార్పొరేషన్‌ను హైదరాబాదులో కలిపిన తరువాత కూడా అదే పద్ధతి. 1986లో ఎన్నికలు జరిగాక మళ్ళీ 2002 జనవరి దాకా నగరంలో ఆ ముచ్చటే లేదు. ఆ 2002లో మాత్రం ప్రతి ఓటరుకూ రెండేసి ఓట్లు వచ్చాయి: ఒకటి డివిజను కార్పొరేటరుకు, రెండవది నేరుగా మేయరుకు. అలా ప్రజల ఓటుతో మేయరైనవారు తీగల కృష్ణారెడ్డిగారు.

అప్పుడు మా పక్కింటి పిన్నిగారు కంగారుగా వచ్చి, "రెండూ ఒకే గుర్తుకు వెయ్యకపోతే చెల్లవటగా?" అని అడిగారు. "ఎవరు చెప్పారండీ పిన్నిగారూ! ఒకటి మన వీధికి, ఒకటి మన ఊరికి. ఎవరికి తగినది వారికి వెయ్యండి" అన్నాను. ఆవిడ ఎవరికి వేశారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాని బూత్‌నుంచి తిరిగి వస్తున్నప్పుడు ఆవిడ ముఖంలో, రెండు కూరలు వండి రెంటికీ ఉప్పు సరిపోయిన తృప్తి కనిపించింది!

నిజానికి అవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వీధి దీపం, మోరీ, చెత్త అంటే కార్పొరేటరు తలుపు తట్టాలి. నగరమంతటి బడ్జెటు చర్చకు వచ్చే సభకు అధ్యక్షత వహించేది మేయరు. అయితే ఒక సంగతి మరువరాదు. 1955 నాటి కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనరుది. ప్రజలే నేరుగా ఎన్నుకున్నంతమాత్రాన మేయరు సర్వాధికారి కాడు. సభలో మద్దతు లేకపోతే ఆయన బండి సాగదు.

ఇతర చోట్ల ఎలా వుందంటారా? మధ్యప్రదేశ్‌లో 2022లోను, ఉత్తరప్రదేశ్‌లో 2023లోను మేయర్లను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. లండను నగరంలో 2000నుంచి 2021 దాకా మేయరు ఓటు కాగితం మీద రెండు వరసలు వుండేవి: మొదటి ఇష్టం, రెండవ ఇష్టం. రెండు వరసల్లోనూ ఒకే పేరుకు గుర్తు పెడితే రెండవది వృథా. 2024లో ఆ పద్ధతి పోయి ఒక్క గుర్తే మిగిలింది.

మన రెండో ఓటు కూడా అలాగే పోయింది. 2005లో చట్టం మార్చి, ఎన్నుకునే పని తిరిగి సభ్యులకే అప్పగించారు. 2009, 2016, 2020 ఎన్నికల్లో మనం వేసింది కార్పొరేటరు ఓటు ఒక్కటే. 2020 డిసెంబరులో 150 డివిజన్లకు పోటీ జరిగింది. వాటిలో చిట్టచివరి నంబరు మన మోండా మార్కెట్టుదే. ఏ పక్షానికీ సగం స్థానాలు రాలేదు. 2021 ఫిబ్రవరి 11న సభ్యులు చేతులెత్తి గద్వాల విజయలక్ష్మిగారిని మేయరుగా ఎన్నుకున్నారు. నగరంలోని శాసనసభ్యులకూ, పార్లమెంటు సభ్యులకూ కూడా అక్కడ ఓటుంది.

"అయితే నా చేతిలో ఏమీ లేదన్న మాట" అని మా పిల్ల ముఖం ముడుచుకున్నది.

"ఎందుకు లేదూ? రెండో ఓటు పోలేదు, మొదటి ఓటు కడుపులో దాక్కున్నది. ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చినవారిని మోరీ సంగతి అడుగు. ఆ వెంటనే, 'మేయరు ఎన్నికనాడు మీ చెయ్యి ఎవరి కోసం లేస్తుంది?' అని కూడా అడుగు. మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెబుతారు. రెండవదానికి నీళ్ళు నమిలితే అదీ ఒక జవాబే" అన్నాను.

ఇక వేసే విధానం. జాబితాలో పేరుందో లేదో ముందే చూసుకోవాలి. 2020లోలాగ కాగితం ఓటైతే, చేతికిచ్చిన ముద్ర స్వస్తికుదేనా అని చూడాలి. ఆ ఏడు వేరే ముద్ర పడిన ఓట్లపై తగాదా వచ్చి నేరేడుమెట్టు ఫలితం కొన్నాళ్ళు ఆగింది. పాత మలక్‌పేటలో ఒక పార్టీ గుర్తుకు బదులు మరొకటి అచ్చయి పోలింగే మళ్ళీ జరిపారు. కాబట్టి పేరూ గుర్తూ రెండూ చదవాలి. కాగితాన్ని ముందు నిలువుగా మడిస్తే, సిరా అంటుకున్నా అదే వరసలో పడుతుంది, పక్క అభ్యర్థికి అంటదు. అన్నిటికన్న ముందు, ఆ యేడు అమల్లో వున్న పద్ధతి ఏదో తెలుసుకోవాలి. చట్టం ఒకసారి మారినది మళ్ళీ మారదనేమీ లేదుగదా!

మా పిల్ల కూరల చీటీ వెనక ఇదంతా రాసుకున్నది. కూరలావిడ గుప్పెడు కరివేపాకు సంచీలో వేస్తూ, "రాసుకున్నవు గాని బిడ్డా, ఆ దినం పొద్దుగాల్నే పోవాలె. సెలవని పండుకుంటే రాసిందంతా వంకాయలకే పనికొస్తది" అన్నది.

నేను చెప్పవలసిన చివరి మాట ఆవిడే చెప్పేసింది. 2020లో మన నగరంలో నూటికి యాభైమంది కూడా ఓటుకు రాలేదు!