గంధకం వాసనకు రెండు పుట్టిళ్లు

హంసలదీవి దగ్గర మడ అడవి బురదను పారతో తిరగేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి ఆడని బురదలో బతికే బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటును విరగ్గొడితే పుడుతుంది. అగ్నిపర్వతాల మీద ఆవిరి చిమ్మే నెర్రెల దగ్గరా ఇదే వాయువు, ఇదే వాసన. అక్కడ దాన్ని పైకి పంపేది లోతున మరుగుతున్న శిలాద్రవం.

ఆ తర్వాతి రసాయనం రెండు చోట్లా ఒకటే. గాలి తగిలిన గంధకం ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం అగ్నిపర్వతపు వాలులో రాతిలోని సోడియం, కాల్షియం, పొటాషియాలను కడిగేసి తెల్లటి బంకమట్టిని మిగులుస్తుంది. మన తీరంలో ప్రమాదం మరో రూపంలో ఉంది. ఇలాంటి బురదలో గంధకం ఇనుముతో కలిసి నిద్రపోతుంటుంది. దాన్ని తవ్వి చెరువు గట్టు పోస్తే, ఎండకు ఆరి, తుప్పు రంగు తేలి, తొలి వానకు ఆమ్లం చెరువులోకి దిగవచ్చు. 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో 12 అంశాలున్నాయి. పంటకు అందే గంధకం వాటిలో ఒకటి. నిద్రపోతున్న గంధకం మాత్రం లేదు. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు: తడి బురద మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, పొంగు తగ్గాక పీహెచ్ చూడాలి. అది 3 కన్నా కిందికి పడిపోతే ఆ మట్టితో గట్టు పోయకూడదు. తీర మండలాల్లో చెరువు తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేయాలి.

ఆమ్లం ఒక్కటే చూస్తే బురద ఏదో, అగ్నిపర్వతం ఏదో తేలదు. అందుకే శాస్త్రజ్ఞులు దాని తోడు వచ్చినవాటిని వెతుకుతారు. వేడికి ఆవిరై నెర్రెల్లోంచి ఎగబాకిన పాదరసం పైమట్టిలో చిక్కుకుంటుంది. గళ్లు గీసుకుని గడికో నమూనా తీస్తే, పాదరసం ఎక్కువున్న గళ్లన్నీ కలిసి కంటికి కనపడని నెర్రె ఎటు పోతోందో చూపిస్తాయి. మట్టిలోని బొగ్గుపులుసు వాయువూ సాక్ష్యమే. ఆకులు కుళ్లి పుట్టినదానిలో కార్బన్-14 ఉంటుంది, శిలాద్రవం నుంచి వచ్చినదానిలో ఉండదు. కాలిఫోర్నియాలోని మామత్ పర్వతం మీద 1989లో చిన్న భూకంపాలు వరసగా వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి చెట్లు నిలువునా ఎండసాగాయి. కరువనుకున్నారు, పురుగనుకున్నారు. తీరా వేర్ల చుట్టూ ఉన్న గాలిని కొలిస్తే అందులో 20 నుంచి 95 శాతం దాకా బొగ్గుపులుసు వాయువే.

మన గోదావరి లోయలో మండే కొండలు లేవు, వేడి మాత్రం ఉంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు ఉబుకుతూనే ఉన్నాయి. వాన నీరు భ్రంశాల వెంట లోతుకు దిగి, కాగి, తిరిగి పైకొస్తోంది. ఆ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని సింగరేణి అక్కడ చేపట్టింది. మంచి ఆరంభం. ఇక ఆ చుట్టుపక్కల పొలాల్లో నెర్రెల వెంట పైకొచ్చి మట్టి గాలిలో చేరే హీలియం, రాడాన్‌లనూ మట్టిలోని పాదరసాన్నీ గడి గడికీ కొలిచి పటం గీయాలి. లోతు బోరుకయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ పని చవక. పటం చేతిలో ఉంటే తర్వాతి బోరు ఎక్కడ వేయాలో అదే చూపుతుంది.