789 పద్దు లెక్క మా పల్లెలో చదవండి



లెక్క అడిగితే చాలు, ఇప్పుడు ఏ ఆఫీసుకెళ్లినా ఒకటే జవాబు. "ఆన్‌లైన్‌లో ఉంది, చూసుకోండి." అడిగినోడు నోరు మూసుకుని ఇంటికి రావాలి. ఏ ఆన్‌లైన్? ఏ పేజీ? ఏ భాషలో? ఎవరి ఫోన్లో? అది మాత్రం చెప్పరు. మా తాతల కాలంలో కరణాన్ని అడిగితే "కవిలెలో ఉందిలేరా" అనేవాడంట. కవిలె కరణం గారి అటక మీద. ఆయన గడప మనం తొక్కకూడదు. సాగుచేసే భూమి ఎవరి పేరున ఉందో చేసేవాడికి తెలియదు, రాసేవాడికి తెలుసు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినయి. కవిలె మాత్రం రద్దు కాలేదు. అటక మారింది, అంతే.

ఈ మాట విని నన్ను కంప్యూటర్‌కి శత్రువు అనుకోవద్దు. సర్కారు ఖర్చు లెక్కలన్నీ, ప్రతి పైసా, ప్రతి బిల్లు, ఎవరి అనుమతీ లేకుండా ఎవరైనా చూసుకునేట్టు ఆన్‌లైన్‌లో పెట్టాల్సిందే. అది మన ఉద్యమ డిమాండ్ కావాలి. పెట్టామని చెప్పి పెట్టనిది ఏందో, పెట్టినా మనకు చేరనిది ఏందో తేల్చుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక్క సంగతి. ఎవరి డబ్బుతో నడుస్తుందో దాని మీద హక్కు వాళ్లది అనే వాదం మనకు కొత్త కాదు. 1923లో బొంబాయి శాసన మండలిలో సీతారామ్ కేశవ్ బోలే తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ నిధులతో కట్టిన, ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, బడులు, ఆసుపత్రులు అంటరానివాళ్లకూ తెరవాలన్నాడు. తీర్మానం నెగ్గింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువును తెరుస్తున్నట్టు ఒప్పుకుంది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. ఒక్క దళితుడి గొంతు తడవలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందితో నడిచివెళ్లి దోసిలి పట్టేదాకా ఆ చెరువు మూసే ఉంది. తర్వాత కోర్టులో గెలవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అదే వాదం మన రాజ్యాంగం 15వ అధికరణంలోకి వచ్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులం పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదు. చెరువుకి వర్తించిన న్యాయం ఆ చెరువు తవ్వకం బిల్లుకి వర్తించదా?

బాబాసాహెబ్‌కి రాజ్యాంగ నిర్మాతగా దండలేస్తాం. మంచిదే. కానీ ఆయన సర్కారు లెక్కల్లో కూడా దిట్ట. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ ఎట్లా ఎదిగిందో పరిశోధించి రాసిన గ్రంథం 1925లో అచ్చయింది. మన కుర్రాళ్లు ఆయన విగ్రహం వేలు ఎటు చూపిస్తుందని వాదించుకుంటారు, ఆయన ఆ పద్దుల పుస్తకాలు ఎందుకు చదివాడని అడగరు.

ఇక మన పద్దు సంగతి. జనాభాలో ఎస్సీలు ఎంత శాతమో ప్రణాళిక నిధుల్లో అంత వాటా మన కోసం ఖర్చు కావాలని 1979-80లో స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్ తెచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందే గిరిజనులకు ఉప ప్రణాళిక వచ్చింది. ముప్పై ఏళ్లు ఆ వాటా ఎక్కడికి పోయిందో అడిగే దిక్కు లేదు. దళిత సంఘాలు రోడ్డెక్కి కొట్లాడితే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, దేశంలోనే మొదటిది. 2017లో తెలంగాణ తన చట్టం తాను చేసుకుంది. ఆంధ్రలో పదేళ్ల గడువు 2023లో తీరుతుంటే ఇంకో పదేళ్లు పొడిగించారు.

బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి ఖర్చుకీ ఒక నంబరు ఉంటది. ఎస్సీ ఉప ప్రణాళిక ఖర్చుకి నంబరు 789. గిరిజన ఉప ప్రణాళికకి 796. ఢిల్లీలోనైనా, అమరావతిలోనైనా, హైదరాబాద్‌లోనైనా ఇవే నంబర్లు. అక్కలారా, తమ్ముళ్లారా, మన ఇంటి నంబరు గుర్తున్నట్టు ఈ నంబరు గుర్తుండాలి. ఏ శాఖ పుస్తకంలోనైనా 789 కనబడితే అది మన పేరు మీద తీసిన డబ్బు.

మన పేరు మీద తీసి ఏం చేశారు? 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలు జరిగినయి. ఆ ఆటల కోసం ఢిల్లీ ప్రభుత్వం దళితుల వాటాలోంచి సుమారు 700 కోట్లు మళ్లించింది. ఈ సంగతి మంత్రిగారు పిలిచి చెప్పలేదు. హక్కుల సంఘాలు సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టి కాగితాలు బయటికి లాగితే తెలిసింది. తర్వాత కేంద్ర హోం మంత్రి చిదంబరం రాజ్యసభలో మళ్లింపు నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. కర్ణాటకలో 2023లో గ్యారంటీ పథకాలకు ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక నిధుల్లోంచి సుమారు 11 వేల కోట్లు కేటాయించారు. ఆ పథకాల్లో ఎస్సీ, ఎస్టీ లబ్ధిదారులు కూడా ఉన్నారు కదా అని సమర్థించుకున్నారు. అందరికీ ఇచ్చేది అందరి ఖాతాలోంచి ఇవ్వాలి గానీ, మా వాటాలోంచి తీసి మాకే ఇచ్చి దానం చేశామంటే ఎట్లా? మన చట్టంలో కూడా ఒక సందు పెట్టుకున్నారు. విడదీయడానికి వీల్లేని పెద్ద పనుల ఖర్చులో కొంత భాగం ఎస్సీల కోసం ఖర్చయినట్టు "భావించవచ్చు" అంట. మనం తిన్నామని వాళ్లు భావిస్తే మన కడుపు నిండిద్దా?

ఈ రెండు దొంగతనాలూ ఎట్లా బయటపడ్డయ్యో చూడండి. అంకె కాగితం మీదికి వచ్చింది, ఆ కాగితం మన చేతికి వచ్చింది, మన మనిషి దాన్ని చదివాడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ కోట్లు నిశ్శబ్దంగా పోయేవి. మన ఉద్యమంలోనే కొందరు అన్నలు అంటుంటారు, "మాస్టారూ, ఈ ఆన్‌లైన్ గోల చదువుకున్నోళ్ల వ్యవహారం, మనకు రాజ్యాధికారం కావాలి" అని. రాజ్యాధికారం అంటే ఏందన్నా? ఖజానా తాళం ఎవరి దగ్గరుందో తెలియకుండా కుర్చీ ఎక్కితే ఆ కుర్చీ కింద సంతకం ఎవరిది? రిజర్వుడు సర్పంచి చేత బిల్లు మీద సంతకం పెట్టించుకుని డబ్బు ఇంకొకడు తినే ఊళ్లు మనకు తెలియవా?

సరే, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఏముంది? కొంత ఉంది. కాదనను. కేంద్రం 2020లో మొదలుపెట్టిన ఈ-గ్రామ్ స్వరాజ్ సైట్‌లో మీ పంచాయతీ పేరు వెతికితే ఏడాదివారీగా జమ, ఖర్చు కనబడతయి. మీ కుర్రాడి ఫోన్లో ఇవాళే చూడొచ్చు, చూడండి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు కూడా పెడతారు. అవి వందల పేజీలు. అందులో 789 కింద ఫలానా శాఖకి ఇన్ని కోట్లు అని ఉంటది. ఆ కోట్లు ఏ జిల్లాకి, ఏ మండలానికి, ఏ పల్లెకి వచ్చినయ్యో వెతకబోతే దారి ఆగిపోతది.

నేను పాఠాలు చెప్పే ఊళ్లో సిమెంటు రోడ్డు ఒకటుంది. బోర్డు మీద ఉప ప్రణాళిక నిధులు అని రాశారు. రోడ్డు ఊళ్లోంచి బయల్దేరి రైసుమిల్లు దాకా పోయి ఆగింది. మాదిగపల్లె అక్కడికి ఇంకా రెండొందల గజాలు. అంచనా ఎంత, ఎం-బుక్‌లో ఎన్ని మీటర్లు రాశారు, బిల్లు ఎవరు తీసుకున్నారు అని అర్జీ పెడితే ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: వివరాలు ఆన్‌లైన్‌లో లభ్యం. పదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని రెండు సాయంత్రాలు నెట్ సెంటర్లో కూర్చున్నాం. శాఖ మొత్తం ఖర్చు దొరికింది. జిల్లా మొత్తం దొరికింది. మా రోడ్డు దొరకలేదు. "సార్, మన పల్లె పేరు ఈ కంప్యూటర్లో లేదా?" అని ఒక పిల్ల అడిగింది. లబ్ధిదారుల సంఖ్యలో ఉన్నామమ్మా, లెక్కలో లేమని చెప్పాను.

పైగా వాళ్లు పెట్టింది రేపు ఉంటదని నమ్మకం ఏంది? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ జీవోలు సైట్‌లో పెట్టే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. 2021 ఆగస్టులో ఒక ప్రభుత్వం ఆపేసింది. గోల లేస్తే కొన్నిటిని గెజిట్ సైట్‌లో పెట్టింది. 2024 ఆగస్టులో ఇంకో ప్రభుత్వం వచ్చి మళ్లీ తెరిచింది. తెరిచినోళ్లని పొగిడే పని నాకు లేదు. ఒకరి దయతో తెరిచిన తలుపు ఇంకొకరి కోపంతో మూతపడిద్ది. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడక్కముందే చెప్పాలంటుంది. ప్రతి ఆఫీసూ తన బడ్జెట్, ఖర్చు, సబ్సిడీలు ఎవరికి ఎంత ఇచ్చిందీ తనంతట తానే ప్రకటించాలి, స్థానిక భాషను లెక్కలోకి తీసుకుని జనానికి చేరేట్టు చెప్పాలి. ఇరవై ఏళ్లు దాటింది. ఎన్ని ఆఫీసుల గోడల మీద చూశారు?

ఉన్న హక్కుకి కూడా కత్తెర పడింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులో ఉన్న మాట ఎగిరిపోయింది. 8(2) కింద ప్రజా ప్రయోజనం చూపించి అడిగే దారి ఇంకా ఉంది, దాన్ని వదలకూడదు. కానీ రేపు కాంట్రాక్టరు పేరు అడిగితే వ్యక్తిగతం, మస్టర్‌లో దొంగ కూలీ పేరు అడిగితే వ్యక్తిగతం అనడానికి ఆఫీసరుకి సాకు దొరికింది. మన ఆడోళ్ల ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా గోడ మీద రాయమని మనం అడగట్లేదు. అవి దాచాల్సిందే. ప్రజల సొమ్ము తీసుకున్నవాడి పేరు, తీసుకున్న మొత్తం దాచడానికి వీల్లేదు.

లెక్క జనానికి చేర్చడం కుదరదనేవాళ్లకి మన రాష్ట్రంలోనే జవాబుంది. 1994 డిసెంబరులో రాజస్థాన్ కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పనుల లెక్కలు జనం ముందు బిగ్గరగా చదివారు. పని చేసినోళ్లు లేచి మాకు కూలి అందలేదన్నారు. ఆ పద్ధతే ఉపాధి హామీ చట్టంలో సామాజిక తనిఖీ అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి దాన్ని ఊరూరా నడిపారు, 2009లో అందుకోసం ఒక సొసైటీనే పెట్టారు. మస్టర్లు కంప్యూటర్లోంచి తీసి, కూలోళ్ల ఇళ్లలో చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ తిప్పి, ఊరి సభలో, మండలం ప్రజావేదికలో చదివించారు. చచ్చిపోయినోళ్ల పేరు మీద కూలి తీసుకున్న సంగతి అట్లాగే బయటపడింది. తేలిన డబ్బులో తిరిగి కక్కించింది తక్కువే, అది వేరే పోరాటం. కానీ అక్షరం రాని అవ్వ కూడా "ఆ పది రోజులు నేను పనికే పోలేదు" అని మైకులో చెప్పింది కదా! ఉపాధి కూలికి చేయగలిగింది ఉప ప్రణాళికకి ఎందుకు చేయరు?

మనం అడిగేది ఇదీ. 789 కింద ఖర్చైన ప్రతి పనికీ ఊరి పేరు, పల్లె పేరు, అంచనా, కొలత, బిల్లు మొత్తం, తీసుకున్నవాడి పేరు తెలుగులో ఆన్‌లైన్‌లో పెట్టాలి. అదే కాగితం సచివాలయం గోడ మీద, అంబేద్కర్ బొమ్మ దగ్గర మన గోడ మీద అంటించాలి. ఆరు నెలలకోసారి మన పల్లెలో, మనం కూలి నుంచి వచ్చాక, రాత్రి పూట చదవాలి. పగలు పదకొండింటికి సభ పెట్టి ఎవరూ రాలేదని రాసుకోవడం చెల్లదు.

ఊరికే డిమాండ్ చేసి కూర్చోవద్దు. ప్రతి పల్లె నుంచి ఒక్కరు తెల్లకాగితం మీద పౌర సమాచార అధికారికి అర్జీ రాయండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నోళ్లు కార్డు జిరాక్సు పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, "ఆన్‌లైన్‌లో ఉంది" అని వచ్చినా, పై అధికారికి అప్పీలు వేయండి. నకలు దగ్గర ఉంచుకోండి, రసీదు లేకుండా ఆఫీసు దిగి రావద్దు. అర్జీలో ఈ మాటలు రాయండి:

"గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా పంచాయతీలో మైనర్ హెడ్ 789 కింద చేసిన పనుల జాబితా, ఒక్కో పనికి మంజూరు ఉత్తర్వు, అంచనా, ఎం-బుక్ పేజీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు, డబ్బు తీసుకున్నవారి పేర్లు ఇవ్వగలరు. ఈ వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నట్లయితే, మా పని కనబడే ఆ పేజీని అచ్చు తీసి, మీ సంతకం, ముద్రతో ఇవ్వగలరు."